చిన్న జాగాలో తీగ గులాబీ: పూలన్నీ పైకొసనే, కింద అంతా మోడు

హబ్సిగూడ_వాణి
ప్రహరీ గోడ వెంట రెండడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు మట్టి జాగా ఉంది. గోడ ఎత్తు ఆరడుగులు. అందులో క్లైంబింగ్ ఐస్‌బర్గ్ అని చెప్పి ఇచ్చిన తీగ గులాబీ పెట్టాం. మూడు కొమ్మలు నిటారుగా లేచి గోడ దాటిపోయాయి. పూలు కొసల్లోనే వస్తున్నాయి, అవి పక్కింటివాళ్లకే కనబడతాయి. కింద నాలుగడుగుల దాకా సరిగా ఆకు కూడా లేదు. పైగా కొత్త ఆకులు పసుపుపచ్చగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. పోసేది బోరు నీళ్లు. నర్సరీలో అడిగితే "సగానికి కొట్టెయ్యండి మేడం, గుబురుగా వస్తుంది" అన్నారు. కొట్టెయ్యాలా? అసలు ఇంత జాగాలో తీగ గులాబీ కుదురుతుందా, లేక తీసేసి మల్లెతీగ పెట్టుకోవాలా?

తీగలపందిరి
కొట్టకండి. అది తీగ గులాబీకి చేయగల పెద్ద నష్టం.

కొమ్మ నిటారుగా ఉన్నంతకాలం కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగి, కింది కన్నులన్నిటినీ (చిగురు మొలిచే చోట్లను) నిద్రపుచ్చుతుంది. అందుకే పైకొసన నాలుగు పూలు, కింద మోడు. అదే కొమ్మను అడ్డంగా, నేలకు సమాంతరంగా వంచి కడితే ఆ పట్టు సడలుతుంది. అప్పుడు దాదాపు ప్రతి కణుపు దగ్గరా కన్ను లేచి, జానెడు పక్కకొమ్మ వేసి, దాని చివర పూస్తుంది. ఆరడుగుల కొమ్మను అడ్డంగా పడుకోబెడితే ఆ పొడవంతా పూలే.

సగానికి కొడితే ఏమవుతుంది? కోత కింద ఉన్న రెండు మూడు కన్నులు మళ్లీ నిటారుగా లేస్తాయి. ఆరు నెలల్లో ఇదే ప్రశ్న మళ్లీ అడగాల్సి వస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. క్లైంబింగ్ ఐస్‌బర్గ్ అనేది మామూలు ఐస్‌బర్గ్ పొద నుంచి పుట్టిన స్పోర్ట్, అంటే ఒక కొమ్మలో తనంతట తానే వచ్చిన మార్పు. పొద 1958లో వస్తే, తీగ రకం 1968లో వచ్చింది. ఇలాంటి స్పోర్ట్ రకాలను లేత వయసులో మొదటికంటా కొడితే ఒక్కోసారి తీగ గుణం పోయి మళ్లీ పొదలాగే పెరుగుతాయి.

మల్లేపల్లి_యాదగిరి
ఆ గోడ ముఖం ఎటున్నదో చెప్పలే మేడం. అది తెల్వకుంట ఎవరేం చెప్పినా లాభం లేదు. పడమటి ఎండ కొట్టే గోడైతే ఏప్రిల్, మే నెలలల్ల పెనం లెక్క కాల్తది. దానికి ఆనిచ్చి కట్టిన కొమ్మ తొక్క ఎండ తాకే దిక్కు ఎర్రబడి, తర్వాత నల్లబడి పగుల్తది. ఆ పగులు నుంచే ఎండుతెగులు దిగుతది.

హబ్సిగూడ_వాణి
గోడ తూర్పు ముఖంగా ఉంది. ఉదయం ఏడున్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఎండ, తర్వాత నీడ.

మల్లేపల్లి_యాదగిరి
గట్లయితే హైదరాబాదుల గులాబీకి అంతకన్న మంచి గోడ లేదు. మల్లె ముచ్చట మర్చిపోర్రి.

డాబాతోట
యాదగిరన్న చెప్పింది నిజం. దిక్కుల గురించి ఇంకొక మాట, వేరేవాళ్లకి కూడా పనికొస్తుంది. మన ఊళ్లో మే 9కి, ఆగస్టు 3కి అటూఇటూగా జీరో షాడో డే వస్తుంది, అంటే మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు ఎండ కొద్దిగా ఉత్తరం నుంచి పడుతుంది. మిగతా ఏడాదంతా దక్షిణం నుంచే. కాబట్టి ఉత్తరం ముఖంగా ఉన్న గోడకు జూన్‌లో ఎండ చూసి "ఇక్కడ బాగుంది" అనుకుని నాటకండి. గులాబీ బాగా పూసే డిసెంబర్, జనవరిలో అక్కడ రోజంతా నీడే. తీగ గులాబీకి కనీసం ఐదారు గంటల నేరు ఎండ ఉండాలి, చలికాలంలో ఉండాలి.

కొత్తిమీరకట్ట
తీగలపందిరి గారూ, ముదిరిన కొమ్మలు వంచితే విరగవా? బొటనవేలంత లావు ఉన్నవాటి సంగతేంటి?

తీగలపందిరి
బొటనవేలంత లావై తొక్క గోధుమరంగుకు తిరిగినవి వంగవు, బలవంతం చేయొద్దు. చిటికెనవేలు లావు లోపు, ఇంకా పచ్చగా ఉన్నవాటిని వంచొచ్చు. వాటిని కూడా ఒకేసారి కాదు. వారానికి కొంచెం చొప్పున, నెల రోజుల్లో అడ్డానికి తేవాలి. పొద్దున్నే కొమ్మ నీళ్లు తాగి బిగుసుకుని ఉంటుంది, అప్పుడు వంచితే ఫట్‌మని విరుగుతుంది. మధ్యాహ్నం రెండు మూడింటికి కాస్త వడిలినట్టున్నప్పుడు మెత్తగా వస్తుంది. ఒక చేత్తో మొదలు దగ్గర గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో మధ్యలో విల్లులా వంచండి. కొస పట్టుకుని లాగితే మొదట్లోనే చీలుతుంది.

వాణి గారి మూడు కొమ్మల్లో ముదిరిపోయినదాన్ని ఇప్పటికి అలాగే ఉంచండి. మిగతా రెండిటినీ చెరోవైపు వంచితే, ఆ ఒత్తిడికి మొక్క మొదలు నుంచి కొత్త పిలకలు వస్తాయి. అవి రెండు మూడడుగులు పెరగ్గానే లేతగా ఉన్నప్పుడే తీగకు పడుకోబెట్టండి. అవి నిలదొక్కుకున్నాక ముదురు కొమ్మను మొదటికంటా తీసేయొచ్చు.

రాణీగంజ్_హార్డ్‌వేర్
కట్టడానికి తీగలు ఎలా బిగించాలో ఎవరూ చెప్పలేదు, అది నేను చెప్తాను. వాణి గారి తొమ్మిదడుగుల గోడకు లెక్క ఇది.

పన్నెండు గేజి జీఐ తీగ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప తీగ) తీసుకోండి. కిలోకి దాదాపు 24 మీటర్లు వస్తుంది, మీకు ఒక కిలో చాలు. మొదటి వరస నేల నుంచి 18 అంగుళాల ఎత్తున, ఆ పైన అడుగుకొకటి చొప్పున మొత్తం ఐదు వరసలు. ఒక్కో వరసకు రెండు చివర్లా, మధ్యలో కలిపి మూడు ఐ బోల్టులు (తల దగ్గర తీగ దూరే రింగు ఉన్నవి), అంటే పదిహేను. గోడకూ తీగకూ మధ్య మూడు నాలుగు అంగుళాల ఎడం ఉండేంత పొడవు బోల్టులు అడగండి. ఈ ఎడం చాలా ముఖ్యం. గాలి ఆడకపోతే వానల్లో నల్లమచ్చ, ఎండల్లో నల్లి రెండూ అక్కడే కాపురం పెడతాయి.

డ్రిల్ రంధ్రం ఇటుకలోకి కనీసం రెండు అంగుళాలు వెళ్లాలి. ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోతే తీగ బిగించినప్పుడే ప్లగ్గుతో సహా ఊడొస్తుంది. ప్రతి వరసకూ ఒక చివర టర్న్‌బకిల్ పెడితే వదులైనప్పుడల్లా తిప్పి బిగించుకోవచ్చు. లేదంటే ఏడాదికల్లా తీగ వేలాడుతుంది. గోడ ఉమ్మడిది అయితే ముందు పక్కింటివాళ్లను అడిగి డ్రిల్ పెట్టండి.

సఫిల్‌గూడ_శారద
తీగల బదులు వెల్డెడ్ మెష్ కొడితే సరిపోదా? పని తొందరగా అయిపోతుంది.

రాణీగంజ్_హార్డ్‌వేర్
కొట్టొచ్చు, కాని కొమ్మల్ని గళ్లలోంచి లోపలికీ బయటికీ అల్లకూడదు. చాలామంది చేసేది అదే. రెండేళ్లకు కొమ్మ లావెక్కి ఆ గడిలోనే ఇరుక్కుంటుంది, తొక్క కోసుకుపోతుంది, కత్తిరించాలన్నా బయటికి రాదు. తీగైనా మెష్ అయినా కొమ్మ ముందువైపే ఉండాలి, దాన్ని కట్టి ఆపాలి. గులాబీకి కాకరతీగలా నులితీగలు ఉండవు, తనంతట తాను పట్టుకుని ఎక్కదు. మనం కట్టిన చోటే ఉంటుంది.

చెల్కమట్టి
ఇప్పుడు పసుపు ఆకుల సంగతి. వాణి గారూ, కొత్త ఆకులు పసుపు, ఈనెలు పచ్చ అన్నారు. అది ఇనుము లోపం. ముదురాకుల్లో అలా కనబడితే మెగ్నీషియం. ముదురాకులు మొత్తం పాలిపోతే నత్రజని. మూడింటికీ ఒకే మందు అని చెప్పేవాళ్లను నమ్మకండి.

మట్టిలో ఇనుము లేక కాదు, మన ఎర్రమట్టికి ఆ రంగు ఇనుముదే. బోరు నీళ్లలోని బైకార్బొనేట్ మట్టిని క్షారం వైపు నెట్టేస్తుంది, అప్పుడు ఇనుము వేరుకు అందని రూపంలోకి మారుతుంది. పైగా ప్రహరీ గోడ మొదట్లో కట్టినప్పటి సిమెంటు పెళ్లలు, సున్నం ఉండే ఉంటాయి. ఒక గుప్పెడు మట్టి తీసి దాని మీద వెనిగర్ చుక్కలు వేయండి. బుసబుస నురగ వస్తే సున్నం ఉన్నట్టే.

వెంటనే పచ్చబడాలంటే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం కొత్త ఆకుల మీద పిచికారీ చేయండి. పది రోజులకోసారి, మూడుసార్లు. ముందు నిమ్మ ఉప్పు కరిగించి, ఆ తర్వాత అన్నభేది వేయాలి. నీళ్లు బోరువి కాకుండా వాననీళ్లు అయితే మేలు. అన్నభేది కొనేటప్పుడు చూసుకోండి, లేత ఆకుపచ్చ పలుకులుగా ఉండాలి. తుప్పు రంగు పొడిగా మారిపోయింది అంటే ఆకు దాన్ని తీసుకోదు. గోడకు సున్నం వేసి ఉంటే అట్ట అడ్డం పెట్టుకోండి, చుక్క పడ్డ చోటల్లా తుప్పు మరక పడుతుంది, అది పోదు.

డాబాతోట
ఆకుల మీద కొడితే ఆ ఆకులే పచ్చబడతాయి, తర్వాత వచ్చేవి మళ్లీ పసుపే. మట్టిలోకి ఇవ్వాలి. ఇక్కడ కొనేటప్పుడే మోసపోతాం. చెలేటెడ్ ఐరన్ (వేరుకు అందే రూపంలో కట్టి ఉంచిన ఇనుము) అంటే ఈడీటీఏ రకం ఇస్తారు, క్షారపు మట్టిలో అది నిలవదు. ఈడీడీహెచ్‌ఏ అని రాసి ఉన్నదే కావాలి. నీళ్లలో వేయగానే ముదురు ఎరుపు రంగు తేలుతుంది. 5 గ్రాములు 5 లీటర్ల నీళ్లలో కలిపి మొదట్లో పోస్తే ఒక పెద్ద మొక్కకు సరిపోతుంది. ఇది మట్టికి ఇచ్చే మందు, ఆకుల మీద కొట్టేది కాదు.

రేగడి_నేల
ఇద్దరూ ఇనుము ఇనుము అంటున్నారు. ఇది ఆగస్టు, రోజూ వాన. మొదట్లో నీళ్లు నిలిచి వేరుకు గాలాడకపోయినా ఇదే లక్షణం కనబడుతుంది. మందుకు డబ్బులు పెట్టే ముందు మొదలుకు అడుగు దూరంలో గునపంతో ఒకటిన్నర అడుగుల గుంత తీసి బకెట్ నీళ్లు పోయండి. రెండు గంటల్లో ఇంకిపోతే సరే. మర్నాటికి కూడా నీళ్లు ఉంటే ముందు మురుగు దారి చూడాలి, ఇనుము తర్వాత.

చెల్కమట్టి
రేగడి_నేల గారి మాట ఒప్పుకుంటాను, ముందు ఆ పరీక్ష చేయండి. నల్లరేగడి అయితే మరీ అవసరం.

నిజాంపేట్_లక్ష్మి
మాకు బోరు నీళ్లే గతి. ఆర్‌వో మిషన్ నుంచి వదిలేసే నీళ్లు పోస్తే? రోజూ బకెట్లకు బకెట్లు పోతున్నాయి.

డాబాతోట
అస్సలు పోయకండి. బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి వచ్చేది అందులోకే. నేల తుడవడానికి, బాత్‌రూమ్‌కి వాడుకోండి. కుండీ అంచున తెల్లటి పెచ్చు కడుతుంటే ఉప్పు పేరుకుంటోందని అర్థం. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, అవి పోయండి. వానాకాలంలో డాబా నీళ్లు డ్రమ్ములో పట్టి వాడితే ఇంకా మంచిది.

సైనిక్‌పురి_సత్యం
అసలు ప్రశ్నకు వస్తే, చిన్న జాగాకు క్లైంబింగ్ ఐస్‌బర్గ్ సరైన రకమేనా అన్నది ఎవరూ మాట్లాడలేదు. మన వాతావరణంలో అది పన్నెండు, పదిహేను అడుగులు పోతుంది. తొమ్మిదడుగుల గోడకు అడ్డంగా కట్టి పెంచుకోవచ్చు కాని ప్రతి ఏడాదీ పని ఉంటుంది. కొత్తగా నాటేవాళ్లు తీగ మినియేచర్లు, అంటే చిన్న పూల తీగ గులాబీలు చూడండి. జీన్ లజోయ్ అని గులాబీ రంగుది, 1975 నాటి రకం. ఆరు నుంచి ఎనిమిది అడుగులు, చిన్న చిన్న పూలు గుత్తులుగా, కొమ్మలు సన్నగా ఉంటాయి కాబట్టి ఎలా కావాలంటే అలా వంగుతాయి. రెడ్ కాస్కేడ్ అని రాల్ఫ్ మూర్ చేసిన ఎర్ర రకం 1976లో వచ్చింది, అది గోడ మీది నుంచి కిందికి వేలాడదీయడానికి కూడా బాగుంటుంది. పెద్ద పూలు కావాలంటే డాన్ జువాన్, గోల్డెన్ షవర్స్ ఎనిమిది, పది అడుగుల్లో ఆగుతాయి. డాన్ జువాన్‌కి మంచి వాసన, కాని దాని కొమ్మలు మొండివి, లేతగా ఉన్నప్పుడే వంచాలి.

కొత్తిమీరకట్ట
పియేర్ ద రొంసార్? ఫొటోల్లో చూస్తే ప్రాణం పోతుంది అంత బాగుంటుంది.

సైనిక్‌పురి_సత్యం
అందం సంగతి కాదనను. కాని దాని కొమ్మలు లావు, బిరుసు. రెండడుగుల జాగాలో వంచడం కష్టం. నడకదారి పక్కన పెట్టుకునేవాళ్లు ముళ్లు లేని జెఫిరీన్ ద్రూహాఁ గురించి కూడా అడుగుతుంటారు. 1868 నాటి రకం, చీరకు పట్టుకోదు, వాసన ఉంటుంది. నల్లమచ్చ మాత్రం దానికి తొందరగా వస్తుంది, మన వానల్లో ఆకులన్నీ రాల్చేస్తుంది.

మల్లేపల్లి_యాదగిరి
పేర్లు చదివి నర్సరీకి పోతే ఆడ దొరికేది "బటన్ రోజ్ తీగ", "రెడ్ క్లైంబర్", గంతే. పేరుకన్న మొక్కను చూసుడు నేర్చుకోర్రి. పూలున్నప్పుడు కొనుర్రి, డిసెంబర్ జనవరిల. అంటు కట్టిన కాడ ఉబ్బు కనబడాలె, దాని పైనుంచి కనీసం మూడు కొమ్మలు రావాలె. ఒక్కటే సన్నటి పొడుగు కొమ్మ, పువ్వు లేదు, "తీగ గులాబీ తీస్కోర్రి" అంటే అది అంటు చచ్చి కిందినుంచి లేచిన రూట్‌స్టాక్ (అంటు కట్టనీకి వాడిన అడుగు మొక్క) కావచ్చు. నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాల చాన రకాలు ఒక్క దగ్గర చూడొచ్చు.

సఫిల్‌గూడ_శారద
ఏడు ఆకులుంటే సక్కరు (రూట్‌స్టాక్ నుంచి లేచిన పిలక), ఐదు ఆకులుంటే మంచి కొమ్మ అంటారు కదా. అలా చూసి కోసేస్తే సరిపోతుందా?

సైనిక్‌పురి_సత్యం
తీగ గులాబీల్లో ఆ లెక్క పనిచేయదు శారద గారూ. చాలా తీగ రకాలకు సహజంగానే ఏడేసి ఆకులు వస్తాయి. ఆ లెక్కతో కోస్తే మంచి కొమ్మే పోతుంది. ముల్టీఫ్లోరా అనే అడవి గులాబీ రూట్‌స్టాక్ అయితే ఆకు కాడ మొదట్లో ఉండే చిన్న రెక్క దువ్వెన పళ్లలా చీలి ఉంటుంది, అదొక గుర్తు. కాని కొన్ని మినియేచర్లలో కూడా ముల్టీఫ్లోరా రక్తం ఉంది కాబట్టి అదీ పూర్తి రుజువు కాదు. మట్టి తవ్వి పిలక ఎక్కడ పుట్టిందో చూడటమే దారి. అంటు ఉబ్బు కింద పుట్టిందా, పట్టుకుని కిందికి లాగి పీకేయండి. సికేచర్‌తో (కొమ్మలు కోసే కత్తెరతో) కోస్తే మొదట్లో కన్నులు మిగిలి నాలుగు లేస్తాయి.

చెల్కమట్టి
ముల్టీఫ్లోరా మాట వచ్చింది కాబట్టి, ఆ రూట్‌స్టాక్‌కు క్షారపు మట్టి అసలు పడదు. బోరు నీళ్ల ఇళ్లలో గులాబీలు పసుపుబడటానికి ఇది పెద్ద కారణం. వేరే రూట్‌స్టాక్ మీద కట్టినది దొరికితే వదలకండి.

పాతగులాబి
వేడి దేశాలకు తగిన గులాబీల మీద మన దేశంలోనే పని జరిగింది. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్‌గా పనిచేసి కొడైకెనాల్‌లో స్థిరపడిన వీరరాఘవన్ గారు ఈశాన్య కొండల్లో పెరిగే రోజా జైగాంటియాను, నీళ్లు నిలిచినా తట్టుకునే రోజా క్లైనోఫిల్లాను వాడి కొత్త రకాలు చేశారు. వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు పెట్టిన రకం కూడా ఆయనదే. జైగాంటియా సంతతి చాలావరకు పెద్ద తీగలు, చిన్న జాగాకు కావు. కాని మనకు ఐరోపా రకాలు తప్ప దిక్కులేదు అనుకునేవాళ్లకు ఇది తెలియాలి.

నిజాంపేట్_లక్ష్మి
మాకు నేల లేదు, బాల్కనీయే. కుండీలో అవుతుందా? పన్నెండు అంగుళాల కుండీ ఉంది.

డాబాతోట
పన్నెండు చాలదు. తీగ మినియేచర్‌కైనా 18 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోతు ఉండాలి. పైన రెండు అంగుళాలు వదిలి నింపితే 65 లీటర్ల మిశ్రమం పడుతుంది. తడిసినప్పుడు దగ్గర దగ్గర 90 కిలోలు. బాల్కనీలో రెయిలింగ్ చివర కాకుండా గోడ పక్కన, బరువు దూలం మీద పడేట్టు పెట్టండి, కింద నాలుగు ఇటుకలు. రంధ్రాలు మూసుకుపోతే మొక్కా పోతుంది, శ్లాబూ పాడవుతుంది.

మిశ్రమం: ఎర్రమట్టి నాలుగు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు మూడు పాళ్లు, దొడ్డు ఇసుక రెండు పాళ్లు, కడిగిన కొబ్బరిపొట్టు ఒక పాలు. అందులో పావుకిలో వేపపిండి, వంద గ్రాముల ఎముకల పొడి. ఎముకల పొడి వద్దనుకునేవాళ్లు 50 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేసుకోవచ్చు. మాగని పేడ వేస్తే వేడికి వేరు మాడుతుంది, వేరుపురుగు కూడా దాంతోనే వస్తుంది. చేత్తో నలిపితే మట్టిలా పొడి అవ్వాలి, వాసన ఉండకూడదు.

నర్సరీ నుంచి వచ్చే మొక్కల వేళ్ల చుట్టూ జిగటమట్టి గడ్డ ఉంటుంది. అది ఒకసారి ఎండితే చుట్టూ మిశ్రమం తడిగా ఉన్నా గడ్డ లోపల పొడిగానే ఉంటుంది, మొక్క తడిలోనే ఎండిపోతుంది. నాటే ముందు గడ్డను బకెట్ నీళ్లలో గంటసేపు నానబెట్టి, బయటి అంగుళం మట్టి వేళ్లతో మెల్లగా విడదీయండి.

కుండీలో పెంచేటప్పుడు గోడకు బదులు మధ్యలో ఐదడుగుల గోపురం స్టాండు పెట్టి, కొమ్మల్ని దాని చుట్టూ మెట్టు మెట్టుగా, వీలైనంత పల్లంగా చుట్టండి. తీగలపందిరి గారు చెప్పిన సూత్రమే, చుట్టు ఎంత పల్లంగా ఉంటే కింది నుంచి అన్ని పూలు.

నిజాంపేట్_లక్ష్మి
నీళ్లు రోజుకెన్ని?

డాబాతోట
లెక్క కట్టి పోయకండి, వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూసి పోయండి. 18 అంగుళాల కుండీకి మేలో రోజుకు నాలుగైదు లీటర్లు తాగుతుంది, డిసెంబర్‌లో రెండు రోజులకోసారి చాలు. ఏప్రిల్, మేలో సగం నీడనిచ్చే ఆకుపచ్చ వల కట్టండి. కుండీ గోడలకు ఎండ నేరుగా తగలకుండా గోనెసంచి చుట్టండి, మాడేది వేరు.

గానుగపిండి
కుక్కలున్న ఇళ్లవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. గులాబీలకు ఆముదం పిండి వేయమని చాలామంది చెబుతారు. అందులో రిసిన్ అనే విషం మిగిలి ఉండొచ్చు. ఎముకల పొడితో కలిపితే ఆ వాసనకు కుక్క తవ్వి తింటుంది, ప్రాణానికే ముప్పు. వేపపిండి, వేరుశనగ పిండి వాడుకోండి.

సఫిల్‌గూడ_శారద
మాకు కుక్క ఉంది, ఆముదం పిండి బస్తా కూడా ఉంది. ఇవాళే బయట పెట్టేస్తున్నా. చాలా థాంక్సండి.

హబ్సిగూడ_వాణి
రేగడి_నేల గారు చెప్పిన గుంత పరీక్ష చేశాను, గంటన్నరలో నీళ్లు ఇంకిపోయాయి. వెనిగర్ వేస్తే బాగా నురగ వచ్చింది. గోడ పక్కన తవ్వితే సిమెంటు పెళ్లలు కూడా దొరికాయి. వాటిని ఏరేస్తున్నాం. తీగలు ఈ వారం బిగిస్తారు. ప్రూనింగ్ ఎప్పుడు? ఏం కోయాలి, ఏం ఉంచాలి?

చెల్కమట్టి
పెళ్లలు ఏరాక చదరపు మీటరుకు 50 గ్రాముల గంధకం పొడి పై మట్టిలో కలపండి. అది పనిచేయడానికి నెలలు పడుతుంది, ఈలోపు ఈడీడీహెచ్‌ఏ.

తీగలపందిరి
మనకు అక్టోబర్ మొదటి పదిహేను రోజులు. ఇప్పటికి కొమ్మలు వంచి కట్టడం మాత్రమే. అక్టోబర్‌లో కూడా ప్రధాన కొమ్మల్ని ముట్టుకోవద్దు. వాటి మీద పూసి అయిపోయిన పక్కకొమ్మల్ని మాత్రం రెండు మూడు కన్నులు ఉంచి కోయండి, అంటే రెండు మూడు అంగుళాలు మిగలాలి. ఎండినవి, పెన్సిల్ కంటే సన్నని బలహీనమైనవి, ఒకదానికొకటి రాసుకుంటున్నవి తీసేయండి. కోసిన నలభై అయిదు, యాభై రోజులకు పూలు, అంటే నవంబర్ చివర, డిసెంబర్ మొదట్లో.

రేగడి_నేల
తేదీ చూసి కోయడం నాకు నచ్చదు. అక్టోబర్ మొదట్లో అల్పపీడనం పట్టి వారం రోజులు ముసురుంటే? తడి కోతలోంచే ఎండుతెగులు దిగుతుంది, కొమ్మ కోసిన చోట నుంచి నల్లగా కిందికి ఎండుకుంటూ వస్తుంది. మూడు నాలుగు రోజులు పొడి వాతావరణం ఉంటుందని తెలిశాకే కోయండి. నెలాఖరుకు వెళ్లినా నష్టం లేదు, పూలు పదిహేను రోజులు ఆలస్యమవుతాయి అంతే.

తీగలపందిరి
ముసురులో కోయమని నేనూ అనను. కాని నవంబర్‌లోకి వెళ్తే చలికాలం పూతలో ఒక విడత తగ్గుతుంది, అందుకే అక్టోబర్ దాటనివ్వొద్దు అంటాను. పెన్సిల్ కంటే లావు కోతలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ నీళ్లతో ముద్దగా కలిపి పూయండి. సన్నవాటికి ఏమీ అక్కర్లేదు.

కొత్తిమీరకట్ట
పసుపు రాస్తే?

తీగలపందిరి
హాని లేదు. లావు కోతలకు రాగి మందే నమ్మకం.

ముల్లంగిమడి
తెగుళ్లు కాలాన్ని బట్టి వస్తాయి, అది తెలిస్తే సగం మందులు ఆదా. ఇప్పుడు వానల్లో నల్లమచ్చ. ఆకు ఏడు గంటలకు మించి తడిగా ఉంటే ఆ శిలీంధ్రం లోపలికి దిగుతుంది. కాబట్టి సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లకండి, రాలిన ఆకుల్ని ఏ రోజువి ఆ రోజే ఏరేయండి, మొదట్లో ఉంచితే వాన చినుకులకు మళ్లీ పైకి ఎగురుతుంది. మచ్చ మొదలైతే మ్యాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు. డిసెంబర్, జనవరిలో బూడిద తెగులు, కొత్త చిగుళ్లు ముడుచుకుని తెల్లటి పొడి పట్టినట్టుంటాయి. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం కొట్టకండి, ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు కూడా వద్దు.

ఫిబ్రవరి చివర నుంచి తామర పురుగులు, మొగ్గ అంచులు గోధుమరంగుకు మారి విచ్చుకోకుండా ఉండిపోతుంది. తెల్ల కాగితం మీద మొగ్గను తట్టి చూడండి, సన్నటి గీతల్లా పాకుతూ కనబడతాయి. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు వారానికోసారి, లొంగకపోతే స్పైనోసాడ్ 0.3 మిల్లీలీటర్లు, తేనెటీగలు వెళ్లిపోయాక చీకటి పడే వేళ. ఏప్రిల్, మేలో ఎర్రనల్లి, ఆకు పైన సన్నటి తెల్ల చుక్కలు, అడుగున బూజులాంటి అల్లిక. దానికి మందు కంటే ముందు పొద్దున్నే పైపుతో ఆకుల అడుగు భాగాన్ని గట్టిగా కడగండి, రోజు విడిచి రోజు. గోడవైపు ఉన్న ఆకుల్ని మర్చిపోవద్దు.

మల్లేపల్లి_యాదగిరి
వానల సాయంత్రం నీళ్లు చల్లొద్దు అన్నడు, ఎండల పొద్దుగాల కడగమన్నడు. రెండు ఒక్కటే అనుకొని తికమక పడకుర్రి, పొద్దుగాల కడిగిన ఆకు గంటల ఆరిపోతది.

హబ్సిగూడ_వాణి
చివరి ప్రశ్న. కట్టడానికి ఏం వాడాలి? సన్నటి బైండింగ్ వైరు ఉంది ఇంట్లో.

రాణీగంజ్_హార్డ్‌వేర్
బైండింగ్ వైరు వద్దే వద్దు. కొమ్మ లావెక్కాక తొక్కలోకి దిగి, పైనుంచి వచ్చే ఆహారం కింది వేళ్లకు అందకుండా కోసేస్తుంది. పాత కాటన్ చీర అంగుళం వెడల్పున చింపి వాడండి, లేదా జనపనార తాడు. ముందు ఇనుప తీగకు ముడి వేసి, ఒక మెలిక తిప్పి, తర్వాత కొమ్మ చుట్టూ వదులుగా కట్టండి. మెలిక వల్ల కొమ్మ తీగకు రాసుకోదు. ముడి లోపల మీ చిటికెనవేలు దూరాలి. అడుగున్నరకొక కట్టు. ప్రతి అక్టోబర్‌లో కోసేటప్పుడు పాత కట్లన్నీ విప్పి కొత్తవి వేయండి.

తీగలపందిరి
కొస మాత్రం చివరి కట్టు దాటి పైకి లేవకుండా చూడండి. అడ్డంగా కట్టిన కొమ్మ కొస పైకి తిరిగితే మళ్లీ అక్కడే జోరందుకుంటుంది. కొసను మిగతా కొమ్మ కంటే వేలెడు కిందికి వంచి కట్టండి.

హబ్సిగూడ_వాణి
సరేనండి. చీర చింపుతున్నాను. ముదురు కొమ్మ అలాగే ఉంచి, మిగతా రెండూ వచ్చే ఆదివారం నుంచి మొదలు.